తిరగని బండి అరగదనుకుంటే: స్పోర్ట్స్ కార్ల మీద అపోహలు, వాస్తవాలు

ఈ నెలలో ఇలా లారీ మీద ఎక్కించి తెచ్చిన బండి ఇది మూడోది. ఆరేళ్లలో తిరిగింది 9 వేల కిలోమీటర్లు. "అసలు వాడనే లేదండీ, ఎలా పాడవుతుంది?" అని యజమాని అడిగారు. ముందు వచ్చిన ఇద్దరూ ఇదే అడిగారు. విశాఖలో ఈ కార్ల రిపేరు పని మొదలుపెట్టిన నాటి నుంచి చూస్తున్నాను, వేగంగా నడిపి పాడుచేసుకున్నవారి కంటే నడపకుండా పాడుచేసుకున్నవారే ఎక్కువ.

అపోహ: తిరగని బండి అరగదు. వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచితే చాలు.

వాస్తవం: చేటు చేసేది ఆ పది నిమిషాలే. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కి ఉంటే అది ఆవిరిగా సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. చల్లటి ఇంజిన్‌లో కొంత ఆవిరి, మండని కొంత పెట్రోలు పిస్టన్ రింగులు దాటి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తాయి. ఆయిల్ వేడెక్కి, ఆ వేడి కొంతసేపు నిలిస్తే తప్ప ఆ తేమ వదలదు. నిలబెట్టిన బండిలో కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, దాని వేడి చూపే ముల్లు త్వరగానే పైకి వస్తుంది. అది చూసి ఇంజిన్ వేడెక్కిందనుకుంటారు. ఆయిల్ అప్పటికింకా గోరువెచ్చగానే ఉంటుంది. మిగిలిన నీరు సైలెన్సర్‌లో నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. స్టార్టర్ తాగిన కరెంటూ, వారమంతా అలారం, రిమోటు తాళం లాగిన కరెంటూ ఆ కాసేపట్లో బ్యాటరీకి తిరిగి రావు. చక్రం కదలలేదు, బ్రేకు పట్టలేదు, గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కలేదు. ఇక బండికి ఒరిగిందేమిటి?

సాగర్‌నగర్ నుంచి ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు వచ్చారు. కారు కొడుకుది, ఆ అబ్బాయి విదేశంలో ఉన్నాడు. మాస్టారు ప్రతి ఆదివారం క్రమం తప్పకుండా ఇంజిన్ స్టార్ట్ చేసి, తేదీ, సమయం ఒక నోటు పుస్తకంలో రాసుకున్నారు. ఆ పుస్తకం నా ముందు పెట్టినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆయిల్ మూత విప్పితే లోపల మీగడలాంటి తెల్లటి జిడ్డు. అది చూసిన మరో మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు) పోయిందని, ఇంజిన్ దించాలని, లక్షల్లో అవుతుందని చెప్పాడట. "బాబూ, వాడు నమ్మి అప్పగించి వెళ్లాడు. నా చేతుల్లోనే పాడైపోయిందా?" అన్నారు మాస్టారు.

ముందు ఆయనను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. ఆ తర్వాత చూస్తే కూలెంట్ మట్టం చుక్క తగ్గలేదు. లీకు ఉందేమోనని కూలెంట్ ట్యాంకుకు ప్రెషర్ పంపు బిగించి అరగంట ఉంచాను, పంపు ముల్లు దిగలేదు. ఆయిల్ కొలిచే పుల్ల మీద జిడ్డు లేదు. గ్యాస్కెట్ భేషుగ్గా ఉంది. మూత కింద పేరుకున్నది ఆ ఆదివారాల తేమే. డిస్కులకు తుప్పుతో అతుక్కుపోయిన బ్రేకు ప్యాడ్లను విడదీసి శుభ్రం చేసి, బ్యాటరీ, బ్రేక్ ఆయిల్ మార్చి, మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని రుషికొండ మీదుగా భీమిలి వరకు వెళ్లి వచ్చాను. ఆయిల్ ముల్లు 90 డిగ్రీలు దాటి నిలిచింది. తిరిగి రాగానే ఆ వేడి మీదే పాత ఆయిల్ దించేసి కొత్తది పోశాను. ఇంజిన్ దించకుండానే పని అయిపోయింది. మూత కింద తెలుపు కనబడితే చాలు, పరీక్ష చేయకుండా ఇంజిన్ దించమనేవాళ్ల మీద నాకు కోపం. పెద్దవాళ్లను అలా హడలగొట్టడం అన్యాయం.

బ్రేక్ ఆయిల్ సంగతి విడిగా చెప్పాలి. అది కిలోమీటర్లను బట్టి పాడయ్యేది కాదు, గాలిలోని తేమను పీల్చుకుని పాడవుతుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్‌కు కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు ఉండాలి. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలే. ఈ సముద్రపు గాలిలో నాలుగేళ్లు అలాగే ఉంచి, ఒకరోజు సింహాచలం కొండ మీది నుంచి బ్రేకు తొక్కుతూ దిగారనుకోండి, ఆయిల్ మరిగి బుడగలు లేస్తాయి. పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్పించండి, బండి షెడ్డులోంచి బయటికి రాకపోయినా సరే.

మిగిలినవి క్లుప్తంగా. ఇంజిన్‌కు కావలసిన దాని కంటే ఎక్కువ ఆక్టేన్ (పెట్రోలు తనంతట తాను ముందే అంటుకోకుండా తట్టుకునే గుణానికి కొలత) ఉన్న పెట్రోలు పోస్తే బలం పెరగదు. మీ ఇంజిన్‌కు ఎంత కావాలో ట్యాంకు మూత లోపల రాసి ఉంటుంది, అంతకు తగ్గకుండా పోస్తే చాలు. బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానరులో ఆక్సిజన్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్‌ను కొలిచేది) పేరు కనబడితే సెన్సార్ పోయినట్టు కాదు. ఎక్కడో పైపు చీలి గాలి లీకవుతుంటే సెన్సార్ ఆ విషయమే చెబుతూ ఉండవచ్చు. కూలెంట్‌లో బోరు నీళ్లు పోయకండి. పోర్టు వైపు నుంచి వచ్చే ధూళిని పొడి గుడ్డతో తుడవకండి, పెయింటుకు గీతలు పడతాయి. ముందు నీళ్లతో కడగండి. ప్లాస్టిక్ కవరు కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది, గాలి ఆడే గుడ్డ కవరు వాడండి. టైరు గాట్లు లోతుగా ఉన్నాయని మురిసిపోకండి. టైరు పక్క భాగం మీద తయారీ తేదీ చెప్పే నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. రబ్బరు వయసుతోనే గట్టిపడుతుంది.

ఇంట్లో నడిపేవారుంటే రెండు వారాలకోసారి భీమిలి రోడ్డు మీద ఒక ముప్పావు గంట నడపండి. ఆయిల్ 80 డిగ్రీలు చేరేదాకా ఇంజిన్‌ను గట్టిగా లాగించకండి. నడిపేవారు లేకుండా నెలల తరబడి వదిలి వెళ్లాలంటే ఆయిల్ మార్పించి, ట్యాంకు నింపి, టైర్లలో గాలి కొంచెం ఎక్కువ పెట్టి, చక్రాలకు చెక్కలు అడ్డుపెట్టి హ్యాండ్ బ్రేకు వదిలేయండి. బ్యాటరీకి ఛార్జ్ నిలిపే చిన్న ఛార్జరు తగిలించండి. ఆ తర్వాత తాళం చెవి బీరువాలో పెట్టండి, ఆదివారాలు స్టార్ట్ చేయమని ఎవరికీ ఇవ్వకండి.