రాష్ట్రపతి భవన్‌కు ఎంపీ లెటర్ అక్కర్లేదు: ఢిల్లీ యాత్రలో అపోహలు - వాస్తవాలు

ఢిల్లీకి వచ్చే తెలుగు కుటుంబాలకు ఊరు తిప్పి చూపించడం నా పని. వాళ్లు ఇంకా రైలెక్కకముందే ఫోన్‌లో అడిగే మాట ఒకటుంది. "రాష్ట్రపతి భవన్ లోపలికి వెళ్లాలంటే ఎంపీ లెటర్ కావాలట కదండీ, మాకెవరూ తెలీదు, ఎలా?" వాళ్ల టెన్షన్ చూస్తే జాలేస్తుంది. ఆ టెన్షన్ మీద డబ్బు చేసుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: రాష్ట్రపతి భవన్ చూడాలంటే పెద్దవాళ్ల సిఫార్సు ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. రాష్ట్రపతి భవన్ సొంత వెబ్‌సైట్‌లో రోజు, సమయం ఎంచుకుని, వచ్చేవాళ్ల వివరాలు ఇచ్చి, ఎవరైనా బుక్ చేసుకోవచ్చు. ప్రధాన భవనం చూడటానికి రుసుము మనిషికి 50 రూపాయలు. స్లాట్లు పరిమితం కాబట్టి ముందుగా చేసుకోవాలి, అంతే. బుకింగ్‌లో ఏ గుర్తింపు కార్డు నంబరు ఇచ్చారో ఆ కార్డు ఒరిజినల్ వెంట ఉండాలి. ఫోన్‌లో ఫొటో ఉంది కదా అనుకుని వచ్చి గేటు దగ్గర కంగారు పడకండి.

ఈ అపోహ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. తిరుమల దర్శనానికి సిఫార్సు లెటర్లు పట్టుకెళ్లే అలవాటు మనది. కొండ మీద స్వామికే లెటర్ కావాల్సి వచ్చినప్పుడు దేశాధ్యక్షుడి ఇంటికి వద్దంటే ఎవరు నమ్ముతారు? పైగా పార్లమెంట్ సమావేశాలు చూసే గ్యాలరీ పాస్‌కు నిజంగానే ఎంపీ సిఫార్సు అవసరం. ఆ రూలు తెచ్చి దీనికి అంటగట్టారు. ఆ పార్లమెంట్ పాస్ కూడా ఉచితమే. దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇంకేమీ మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి.

గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు, వాళ్లావిడ గుర్తొస్తున్నారు. ఊళ్లో ఎవరో ఏజెంటు "వీఐపీ పాస్" అని చెప్పి మనిషికి రెండు వేలు తీసుకున్నాడు. వాళ్ల చేతిలో పెట్టిన కాగితం మామూలు ఆన్‌లైన్ బుకింగ్ రసీదే. 50 రూపాయలని దాని మీదే అచ్చయి ఉంది. మాస్టారు కళ్లజోడు సవరించుకుని దాన్ని రెండుసార్లు చదివారు. డబ్బు పోయినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. "మా అక్కయ్య కూడా వస్తానందండీ. మనిషికి రెండేసి వేలు పెట్టలేక నేనే వద్దన్నాను" అన్నారు. 340 గదుల ఆ భవనంలో మన నీలం సంజీవరెడ్డి గారు అయిదేళ్లు ఉన్నారని ఆ అక్కయ్య చెప్పుకునేదట. ఆవిడకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఈ అపోహ వల్ల పోయేది డబ్బొక్కటే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు.

రాష్ట్రపతి భవన్ తోట అమృత్ ఉద్యాన్ కూడా ఇంతే. 2023 దాకా మొఘల్ గార్డెన్స్ అన్నది దీన్నే. ఏటా పూల కాలంలో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెరుస్తారు. ప్రవేశం ఉచితం. ఢిల్లీ దాకా రాలేని పెద్దవాళ్లుంటే సికింద్రాబాద్ బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది. 2023 నుంచి దాన్నీ ప్రజలకు తెరిచారు. ముందు అక్కడికి తీసుకెళ్లండి.

తర్వాతి గొడవ సోమవారం. "సోమవారం ఢిల్లీ అంతా బంద్" అని నమ్మి రోజంతా హోటల్ గదిలో కూర్చునేవాళ్లున్నారు. ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, నేషనల్ మ్యూజియం సోమవారం ఉండవు, నిజమే. కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి మాత్రం వారమంతా తెరిచే ఉంటాయి. సోమవారం ఆ రెండూ పెట్టుకుంటే రోజు నిండిపోతుంది. ఆగ్రా శుక్రవారం వద్దు, తాజ్‌మహల్‌కు ఆ రోజు సెలవు. ఇంకో మాట, తెరిచి ఉన్న రోజున కూడా "ఈరోజు మూసేశారు, మంచి షాపింగ్ చూపిస్తాను" అనే ఆటోవాళ్లు తగులుతారు. గేటు దాకా వెళ్లి మీ కళ్లతో చూసేవరకు ఎవరి మాటా నమ్మకండి.

కుతుబ్ మీనార్ పైకి డబ్బిస్తే ఎక్కనిస్తారంటారు. ఎక్కనివ్వరు. 1981 డిసెంబర్‌లో లోపల దీపాలు ఆరిపోయి, మెట్ల మీద తొక్కిసలాట జరిగి 45 మంది చనిపోయారు. ఎక్కువమంది బడిపిల్లలు. అప్పటినుంచి ఎవరికీ అనుమతి లేదు. నేను మీనార్ నీడలో నిలబడి ఈ సంగతి చెప్పాక ఇంకెవరూ బతిమాలరు. పక్కనున్న ఇనుప స్తంభాన్ని వెనక్కి చేతులు చాచి కౌగిలించుకుంటే అదృష్టమనేవాళ్లు. 1997లో చుట్టూ కంచె కట్టారు. తుప్పు పట్టకపోవడం మంత్రమూ కాదు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ, దానివల్ల పైన సన్నని రక్షణ పొర ఏర్పడింది.

ఇండియా గేట్ దగ్గర అమర్ జవాన్ జ్యోతిని ఆర్పేశారని బాధపడేవాళ్లకు: 2022 జనవరిలో ఆ జ్వాలను పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపారు. అక్కడికి నడిచి వెళ్లండి, ప్రవేశం ఉచితం. అక్షర్‌ధామ్ ప్రవేశమూ ఉచితమే, లోపలి ప్రదర్శనలకే టికెట్. ఫోన్లు మాత్రం లోపలికి రానివ్వరు. అందుకని ముందే ఎవరెక్కడ కలుసుకోవాలో అనుకోండి, పెద్దవాళ్లు తప్పిపోతే కాల్ చేయడానికి ఉండదు. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. వాళ్లకూ కలిపి వసూలు చేసే ప్యాకేజీ అయితే ఆ లెక్క అడగండి. ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఎమ్మెల్యేలకే అనుకుని ఆకలితో తిరగకండి, అక్కడ ఎవరైనా తినొచ్చు.