రిసైట్ అంటే అప్పజెప్పడం కాదు: ఎస్‌క్యూ త్రీ ఆర్ మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: ఈ పద్ధతి పట్టుకుంటే సిలబస్ అవ్వదు.

ఎస్‌క్యూ త్రీ ఆర్ అంటే పాఠం చదవడానికి ఐదు మెట్లు: సర్వే (పైపైన చూడ్డం), క్వశ్చన్ (ప్రశ్నలు వేసుకోవడం), రీడ్ (చదవడం), రిసైట్ (పుస్తకం మూసి చెప్పడం), రివ్యూ (మళ్లీ చూసుకోవడం). పాఠమంతా ఒకేసారి నెత్తినేసుకుంటే నిజంగానే అవ్వదు. 1946లో ఫ్రాన్సిస్ రాబిన్సన్ అనే అమెరికా సైకాలజిస్టు కాలేజీ వాళ్ల కోసం దీన్ని తయారుచేసినప్పుడే, ఒక్కో హెడింగు కింది ముక్క చదివి ఆగమన్నారు. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పాఠానికి పీరియడుకి రెండు పేరాలు చాలు. హెడింగు, బొమ్మ, మొదటి లైను చూడ్డానికి 3 నిమిషాలు, ప్రశ్నలకి 7, చదవడానికి 10, పుస్తకం మూసి చెప్పడానికి 15. మిగతాది ఎలాగూ అటెండెన్సుకి పోతుంది.

అపోహ: ప్రశ్నలు పాఠం చివర ఉన్నాయిగా!

అవి చదివాక రాసేవి. ఇవి చదవకముందు పిల్లలే వేసుకోవాలి. ‘ది ఆనికట్ ఎట్ ధవళేశ్వరం’ అని బోర్డు మీద రాస్తే, ‘వై ది ఆనికట్ వాజ్ బిల్ట్?’ అంటారు. తెలుగులో ‘ఎందుకు’ చేరిస్తే ప్రశ్న అయిపోతుంది కదా, ఆ అలవాటు. ‘వాజ్’ని ముందుకు జరిపి చూపించండి, గ్రామరూ కలిసొస్తుంది.

అపోహ: కష్టమైన మాటలన్నీ ముందే చెప్పెయ్యాలి.

మూడు చాలు. అవీ తెలిసినట్టే ఉండి దారి తప్పించేవి. ‘బ్రాంచ్’ని కొమ్మ అనుకుంటే గోదావరికి కొమ్మలు మొలుస్తాయి. పాయ అనండి, గౌతమి, వశిష్ఠ పేర్లు వాళ్లే చెప్తారు. ‘బ్యాంక్’ అంటే గట్టు అనీ చెప్పాలి. ‘లాక్’ని మాత్రం తాళమని చెప్పి చెడగొట్టకండి. డెల్టా పిల్లలకి కాలువ లాకులు తెలుసు.

అపోహ: రిసైట్ అంటే అప్పజెప్పడమే.

పద్ధతి మూలపడేది ఇక్కడే. ఆ మాట వినగానే మనకి ఎక్కాలు, పద్యాలు గుర్తొస్తాయి. ఇక్కడ మాత్రం పుస్తకం మూసి, తన ప్రశ్నకి తన మాటల్లో జవాబు చెప్పడం. ‘కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది’ అని గడగడా చెప్పిన పిల్లాణ్ణి, ‘పక్కనే గోదావరి ఉండగా అంతకుముందు కరువులెందుకొచ్చాయిరా?’ అని అడగండి. బిక్కమొహం వేస్తే బట్టీయే. అప్పుడు పుస్తకం తెరిచి జవాబున్న లైన్లే మళ్లీ చదవాలి, పేరా మొదట్నుంచీ కాదు. ముందు పక్కవాడికి తెలుగులో చెప్పనివ్వండి, తర్వాత నోట్సులో ఒక్క ఇంగ్లీషు వాక్యం రాయించండి. అర్థమైన సంగతికైతేనే ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటారు.

అపోహ: పోయెమ్‌కీ ఇదే.

వద్దు. పోయెమ్‌లో ప్రశ్నగా మార్చడానికి హెడింగులే ఉండవు.

అపోహ: రివ్యూ పరీక్షల ముందు చేసేది.

మర్నాడే, 5 నిమిషాలు. నోట్సు పేజీని నిలువుగా మడిపించండి: ఎడమ ప్రశ్నలు, కుడి జవాబులు. కుడివైపు అరచేత్తో మూసి చెప్పించండి.