అద్దాలు తీసేయించుకోవాలంటే: అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో కంటి పరీక్షల గదిలో కూర్చునే ఆప్టోమెట్రిస్టును నేను. అద్దాల అవసరం తగ్గించే లేజర్ ఆపరేషన్ డాక్టరు గారు చేస్తారు, అంతకు ముందు కొలతలు తీసేది నేను. పెళ్ళి కుదిరిన అమ్మాయిలు, ఉద్యోగాలకు చదివే అబ్బాయిలు తెచ్చే అనుమానాలు దాదాపు ఒకటే.

అపోహ: లేజరంటే కన్ను కాల్చడమే.

వాస్తవం: నల్లగుడ్డు మీద వాచీ గ్లాసులా ఉండే పొర కార్నియా. స్మైల్ అనే పద్ధతిలో ఫెమ్టోసెకండ్ లేజర్ (అతి తక్కువ సమయం వెలిగే మెరుపుల లేజర్) ఆ పొర లోపల సన్నటి బుడగలు పుట్టించి, పల్చటి బిళ్ళను విడదీస్తుంది. దాన్ని 2 నుంచి 4 మిల్లీమీటర్ల గాటులోంచి డాక్టరు బయటికి తీస్తారు, దాంతో కార్నియా వంపు మారి పవర్ పోతుంది. లాసిక్ అనే ఇంకో లేజర్ పద్ధతిలో అయితే పైపొరను మూతలా లేపాలి, గాటు సుమారు 20 మిల్లీమీటర్లు. సూది ఉండదు, మత్తు చుక్కలే. లేజర్ నడిచేది అర నిమిషం అటూ ఇటూ. కన్ను జారితే మిషన్ దానంతటదే ఆగిపోతుంది, కాబట్టి ఆ టెన్షన్ వద్దు.

అపోహ: డబ్బు కడితే ఎవరికైనా చేస్తారు.

వాస్తవం: చెయ్యరు, చెయ్యకూడదు. 18 ఏళ్ళు నిండాలి, ఏడాదిగా పవర్ మారకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. అసలు సంగతి కార్నియాది. మామూలుగా దాని మందం అర మిల్లీమీటరు పైచిలుకు, అంటే 540 మైక్రాన్ల దగ్గర. మైనస్ పవర్ ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ తీసెయ్యాలి, కాబట్టి పల్చటి కార్నియా ఉన్నవాళ్ళకు కుదరదు.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడొకడు వాళ్ళమ్మతో వచ్చాడు. కుర్చీలో కూర్చున్న పది నిమిషాల్లో నాలుగుసార్లు పిడికిలితో కళ్ళు నలిపాడు. నా అనుమానం అక్కడే మొదలైంది. టోపోగ్రఫీ, అంటే కార్నియా వంపుల పటం, తీస్తే ఆ రంగుల పటంలో కింది భాగమంతా ఎర్రగా ఉబ్బి ఉంది. కార్నియా పల్చబడి ముందుకు ఉబ్బే కెరటోకోనస్ అనే జబ్బు తొలిదశ లక్షణమది. అలాంటి కార్నియాను లేజర్‌తో ఇంకా పల్చన చేస్తే అది ముందుకు పొడుచుకొచ్చి, అద్దాలు పెట్టినా సరిగా కనపడని స్థితి రావచ్చు. "అద్దాలు తీస్తారని వస్తే ఇంకో జబ్బు చెప్తారేంది సార్?" అందామె. కోపం న్యాయమే. "అబ్బయ్యా, ముందు ఆ నలపడం మానుకో" అని చెప్పి డాక్టరు గారి దగ్గరికి పంపాను.

అపోహ: ఆపరేషన్ చేయించుకుంటే ఏ ఉద్యోగానికైనా ఫిట్.

వాస్తవం: రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు లాసిక్ లాంటిది చేయించుకున్నవాళ్ళను అసలు తీసుకోరు. కోచింగ్‌లో ఎవరో చెప్పారని ముందే చేయించుకుని, తర్వాత నోటిఫికేషన్ చదివినవాళ్ళను చూశాను. పోస్టు పోస్టుకూ రూలు వేరు. ముందు అది చదవండి.

అపోహ: ఇక జన్మలో అద్దాలు రావు.

వాస్తవం: 40 దాటాక చత్వారం అందరికీ వస్తుంది. అది కంటి లోపలి లెన్సు బిగుసుకుపోవడం వల్ల. లేజర్ పనిచేసేది కార్నియా మీద. మైనస్ ఎక్కువున్నవాళ్ళ రెటీనా, అంటే కంటి వెనక తెర, కూడా ఆపరేషన్ తర్వాత మునుపటిలాగే ఉంటుంది, ఏటా చూపించుకోవాల్సిందే. పాత కొలతల కాగితాలు పారెయ్యకండి, రేపు శుక్లాల ఆపరేషన్‌కు లెన్సు లెక్క కట్టేటప్పుడు అవే కావాలి.

కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళకు ఒక మాట. సాఫ్ట్ లెన్సులైతే కొలతలకు కనీసం వారం ముందు మానెయ్యండి, లేకపోతే కార్నియా ఆకారం తప్పు చూపిస్తుంది. రాత్రి లెన్సు తీసి పొద్దున్నే కావలిలో బస్సెక్కి వచ్చినా సరే, కొలతలు తీయకుండానే వెనక్కి పంపేస్తాను.