నాయకుల తీరు, జనం అంచనా: అపోహలు – వాస్తవాలు

కర్నూలులో స్థానిక సంస్థల ప్రతినిధులకు, కొత్తగా ఉద్యోగంలో చేరిన అధికారులకు వేదికపై మాట్లాడడంలో శిక్షణ ఇవ్వడం నా వృత్తి. తరగతికి వచ్చేవారిలో చాలామంది ఏం చెప్పాలన్నది వదిలేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలని ముందుగా అడుగుతారు. ఆ ప్రశ్న అర్థం లేనిదేమీ కాదు గానీ, దాని వెనుక పాతుకుపోయిన నమ్మకాలను కొన్నింటిని సరిచేయక తప్పదు.

అపోహ: మాట ప్రభావం 7 శాతమే, మిగతా 93 శాతం గొంతుదీ హావభావాలదీ.

వాస్తవం: వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తరచూ వినిపించే ఈ అంకె 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన ప్రయోగాల నుంచి పుట్టింది. ఆయన పరీక్షించింది విడి మాటలను, గొంతులోని తేడాలను, ముఖాల ఫొటోలను మాత్రమే. మాటకూ ముఖానికీ పొంతన కుదరనప్పుడు, మాట్లాడేవారికి ఎదుటివారిపై ఇష్టం ఉందో లేదో జనం దేన్నిబట్టి పోల్చుకుంటారన్నదే ఆయన ప్రశ్న. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో చెప్పే అధికారి ప్రసంగంలో ఆ తేదీ విలువ 7 శాతమేనంటే ఇక్కడి ఏ రైతూ ఒప్పుకోడు.

అపోహ: జనం పనినే చూస్తారు, ముఖాన్ని పట్టించుకోరు.

వాస్తవం: ఇది వినడానికి బాగుంటుంది, అంతే. మనస్తత్వవేత్త అలెగ్జాండర్ టోడొరోవ్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికా సెనేట్ అభ్యర్థుల ఫొటోలు మాత్రమే చూసి ఎవరు సమర్థులుగా కనిపిస్తున్నారో చెప్పినవారి తీర్పు దాదాపు 70 శాతం పోటీల ఫలితాలతో సరిపోయింది. అలా కనిపించినవారు నిజంగా సమర్థులని ఆ అధ్యయనం ఎక్కడా చెప్పలేదు.

అపోహ: ఒక్కో తీరుకు ఒక్కో స్థిరమైన అర్థం ఉంటుంది.

వాస్తవం: దీనికి మా నంద్యాల నుంచే ఉదాహరణ చెప్పవచ్చు. 1991 ఉప ఎన్నికలో అక్కడి నుంచి లోక్‌సభకు వెళ్లిన ప్రధాని పి.వి. నరసింహారావు మితభాషి, ముఖంలో భావం తొందరగా బయటపడనిచ్చేవారు కారు. ఆర్థిక సంస్కరణలు సాగుతున్నప్పుడు ఆ మౌనాన్ని లోతైన రాజనీతిగా మెచ్చుకున్నవారు ఉన్నారు. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత తరువాత అదే మౌనం నిష్క్రియాపరత్వంగా విమర్శకు గురైంది. ఆయన మారలేదు, చుట్టూ ఉన్న పరిస్థితి మారింది, దాంతో చూసేవారు ఆ ముఖంలో చదువుకున్న అర్థమూ మారింది. అందుకే గంభీరంగా ఉండాలా, నవ్వుతూ ఉండాలా అని అడిగేవారిని నేను ముందు అడిగేది, ఏ సందర్భంలో అని.

అపోహ: పెద్ద నాయకుడి తీరును అనుకరిస్తే ఆ ఆదరణ మనకూ వస్తుంది.

వాస్తవం: నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. కడప జిల్లాకు చెందిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి పంచెకట్టును, చేయి ఊపే తీరును సీమలో ఎందరో పట్టుకున్నారు. కానీ 2003 ఎండల్లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా ఆయన నడిచిన నడకను ఆ వేషంలోకి తెచ్చుకోవడం కుదరదు. ఆ పంచెకట్టుకు జనం మనసులో బరువు తెచ్చింది ఆ నడకే. ఇస్త్రీ మడత నలగని పంచెలో వచ్చి, రెండు అరచేతుల మధ్య ఫోను ఇరికించుకుని, చూపు తెరమీదే ఉంచి నమస్కారం పెట్టే నాయకుణ్ణి ముందు వరుసలోని ఆడవాళ్లు ఇట్టే పసిగడతారు. అసలువారికైనా తీరు అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. ఎన్.టి. రామారావు 1989లో అదే ఆహార్యంతో, అదే గొంతుతో హిందూపురంలో గెలిచి, కల్వకుర్తిలో ఓడిపోయారు.

అపోహ: కళ్లలోకి చూడకుండా మాట్లాడేవారు ఏదో దాస్తున్నారు.

వాస్తవం: చూపునుబట్టి అబద్ధాన్ని నమ్మకంగా పట్టుకోలేం. పలు అధ్యయనాలను కలిపి 2006లో చేసిన విశ్లేషణలో, ఏ ప్రత్యేక సాయమూ లేకుండా నిజాన్నీ అబద్ధాన్నీ వేరుచేసినవారి సగటు కచ్చితత్వం 54 శాతం మాత్రమే, అంటే బొమ్మా బొరుసా వేసినదానికంటే కాస్త నయం. పైగా పెద్దల ముందు చూపు దించుకుని మాట్లాడడం మన ఊళ్లలో మర్యాద. గ్రామసభలో తలవంచి లెక్కలు చదివే యువ పంచాయతీ కార్యదర్శిని అనుమానించేవారు, ముందు ఆ లెక్కల పుస్తకం అడిగి చూడడం మంచిది.