గేరు పడకపోతే గేరుబాక్సు పోయినట్టేనా? పాత పికప్ బళ్ల మీద అపోహలు - వాస్తవాలు

జీపు జాతి పాత మహీంద్రా పికప్పులు గోదావరి డెల్టాలో ఇంకా కొబ్బరికాయలు, అరటి గెలలు, నర్సరీ మొక్కలు మోస్తూనే ఉన్నాయి. వాటి క్లచ్, గేర్ల గురించి మా మెకానిక్ షెడ్డులో రోజూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చూద్దాం.

అపోహ: మనది చదును నేల. ఘాట్ రోడ్లు లేవు కాబట్టి క్లచ్ ప్లేటు చాలాకాలం వస్తుంది.

ప్లేటు అరిగేది కొండ ఎక్కినందుకు కాదు, పూర్తిగా పట్టకుండా జారుతూ ఉన్నందుకు. ఆ జారుడు మన దగ్గరే ఎక్కువ. కాలువ గట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే వెనక్కీ ముందుకీ జరపాలి. లంకలో లోడెత్తుకుని ఇసుకలోంచి ఏటిగట్టు ర్యాంపు ఎక్కాలి. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లను ఏరు దాటించే పడవ) ఎక్కించాలంటే హాఫ్ క్లచ్ మీద, అంటే పెడల్ సగమే తొక్కి, కొంచెం కొంచెంగా పాకించాలి. అసలు నష్టం ర్యాంపు మీద ఆగినప్పుడు జరుగుతుంది. హ్యాండ్ బ్రేకు పట్టదు కాబట్టి డ్రైవరు హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెడతాడు. ప్లేటు కాలిన వాసన వచ్చేది అప్పుడే. అందుకే క్లచ్ సెట్టు మార్చమని ఎవరొచ్చినా నేను ముందు హ్యాండ్ బ్రేకు లాగి చూస్తాను. అది బాగుచేయకుండా కొత్త ప్లేటు వేయడం డబ్బు దండగ.

అపోహ: గేరు వేస్తే గరగరలాడుతోంది, పళ్లు పోయాయి, గేరుబాక్సు దింపాల్సిందే.

దింపే ముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఇంజను ఆపేసి గేర్లన్నీ ఒక్కొక్కటే వేసి చూడండి. కొంచెం అటూ ఇటూ కదపాల్సి వచ్చినా ఫర్వాలేదు. అన్నీ పడి, స్టార్టు చేశాకే గొడవ చేస్తే అనుమానం క్లచ్ మీదికి మళ్లాలి. ఇప్పుడు ఇంజను నడుస్తుండగా న్యూట్రల్‌లో పెడల్ పూర్తిగా తొక్కి, మనసులో పది లెక్కపెట్టి రివర్స్ వేయండి. పాత జీపుల్లో ఉండే మూడు గేర్ల టీ-90 బాక్సులో ఫస్టుకీ రివర్స్‌కీ సింక్రో (గేర్ల వేగాలను కలిపి మెత్తగా పడేలా చేసే రింగు) ఉండదు. తొక్కగానే వేస్తే లోపల ఇంకా తిరుగుతున్న గేర్లు కాస్త అరవడం మామూలే. పది లెక్కపెట్టాక కూడా అరిచిందంటే క్లచ్ విడవడం లేదన్నమాట, అంటే తొక్కినా ఇంజను నుంచి గేరుబాక్సు పూర్తిగా విడిపోవడం లేదు.

విడవకపోవడానికి చాలా కారణాలు బయటే కనిపిస్తాయి. పెడల్ బుష్ అరగడం, లింకు రాడ్డు పిన్నులు సన్నబడటం, పిన్ను రంధ్రాలు కోలగా మారడం. ఒక్కోచోట కొంచెం కొంచెం లూజు కలిసి, పెడల్ నేలకు తగిలినా లోపల క్లచ్‌ను విడదీసే ఫోర్కు సగమే కదులుతుంది. కొత్త పిన్నులు, బుష్‌లు వేసి ఫ్రీ ప్లే (క్లచ్ మీద పని మొదలయ్యేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం) సరిచేస్తే చాలా బళ్లకు ఆ పూటే పని అయిపోతుంది. అప్పటికీ లొంగకపోతే వంకరపోయిన ప్లేటో, పట్టేసిన పైలట్ బుష్షో (క్లచ్ షాఫ్టు కొనను ఇంజను వైపు మోసే బుష్) అయి ఉంటుంది. దానికి మాత్రం బాక్సు దింపాలి.

వరద నీటిలో నిలిచిన బండిదైతే ఇంకో కథ. ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుపోతుంది. గేరులో పెట్టి సెల్ఫ్ కొట్టి ఊడగొట్టే మొండి వైద్యం చేస్తుంటారు. ఊడినా ప్లేటు మీది లైనింగు పెచ్చులు లేస్తుంది. విప్పి శుభ్రం చేయడమే నయం.

అపోహ: పెడల్ తొక్కగానే పట్టేలా టైటుగా ఉండాలి.

ఈ పాత లింకేజీలకు పెడల్ తొక్కడం మొదలుపెట్టిన చోట సుమారు అంగుళం ఫ్రీ ప్లే కావాలి. అది లేకపోతే రిలీజ్ బేరింగు (పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసే బేరింగు), క్లచ్ ప్లేటును అదిమి ఉంచే ప్రెషర్ ప్లేటు ఫింగర్లను ఎప్పుడూ ఒత్తుతూ, తిరుగుతూనే ఉంటుంది. బేరింగూ పోతుంది, ప్లేటూ జారుతుంది. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటుతోనూ ఇదే జరుగుతుంది.

అపోహ: గేరుబాక్సులో శబ్దం వస్తే 140 గ్రేడు చిక్కటి ఆయిల్ పోస్తే సరి.

శబ్దం తగ్గుతుంది, రోగం తగ్గదు. చిక్కటి ఆయిల్‌తో పొద్దున్నే సింక్రో సరిగా పనిచేయదు, గేర్లు మొరాయిస్తాయి. పాత బండి అమ్మేవాళ్లు శబ్దం వినపడకుండా ఆయిల్‌లో రంపపు పొట్టు కలుపుతారని కూడా అంటుంటారు, కొనేవాళ్లు డ్రెయిన్ ప్లగ్గు విప్పించి చూడటం మంచిది! అసలు శబ్దం ఎప్పుడొస్తోందో వినండి. న్యూట్రల్‌లో కాలు తీస్తే వచ్చి, క్లచ్ తొక్కితే ఆగిపోతే గేరుబాక్సులో బేరింగుల మీద అనుమానం. తొక్కినప్పుడే వస్తే ముందు రిలీజ్ బేరింగునే చూడాలి.

ఆయిల్ డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. నంబరు పెద్దది కదా అని జీఎల్-5 తీసుకుంటారు. అందులో ఎక్కువ మోతాదులో ఉండే గంధకం రసాయనాలు వెనక ఇరుసులోని డిఫరెన్షియల్‌కు మేలే. కానీ ఇత్తడి, కంచు సింక్రో రింగులకు అది సరిపడదు. ఆ రింగులున్న బాక్సుకు జీఎల్-4 తొంభై గ్రేడు వాడండి.

అపోహ: నీళ్లలోంచి రెండు నిమిషాల్లో బయటికి తెచ్చాం, లోపలికి ఏం వెళ్తుంది?

వేడిగా ఉన్న బాక్సు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బ్రీదర్ (బాక్సు గాలి రంధ్రం) నుంచీ, అరిగిన సీళ్ల నుంచీ నీటిని పీల్చుకుంటుంది. బండి ఒక రాత్రి నిలిపి, డ్రెయిన్ ప్లగ్గు మెల్లగా వదులు చేయండి. నీరు అడుగున చేరుతుంది కాబట్టి ముందు అదే కారుతుంది. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే మొత్తం పారబోయాల్సిందే. రొయ్యల చెరువుల ఉప్పునీరైతే రాత్రి ఆగకుండా ఆ రోజే.

అపోహ: సెకండ్ గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌లోకి జారితే లివర్‌కు తాడు కడితే చాలు.

తాడు కడితే లోపల గేరును జరిపే ఫోర్కు అరుగుతుంది. పై మూతలో గేరును పట్టి ఉంచే గోళీలు, స్ప్రింగులు చూడటం తేలిక, అక్కడ మొదలుపెట్టండి. పెట్రోలు ఇంజను తీసి డీజిలు బిగించిన బండైతే బెల్ హౌసింగు (ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య ఉండే గుల్ల) సెంటరు కూడా డయల్ గేజితో చూపించాలి. అది తప్పితే ఎన్ని గేర్లు మార్చినా జారుడు ఆగదు.

అపోహ: ప్లేటు ఒక్కటి మారిస్తే చాలు.

బాక్సు దింపడానికే కూలి ఎక్కువ. అంత శ్రమపడి దింపాక రిలీజ్ బేరింగు, పైలట్ బుష్, ఇంజను వెనక ఆయిల్ సీలు చూడకుండా మూసేస్తే మళ్లీ అదే కూలి ఇస్తారు. సీలు చేసిన బేరింగును డీజిల్‌లో కడగొద్దు, లోపలి గ్రీజు పోతుంది. గేరాయిల్ కూడా లెవెల్ ప్లగ్గు రంధ్రం వరకే పోయాలి. ఎక్కువైతే క్లచ్ షాఫ్టు వెంబడి కారి కొత్త ప్లేటు తడుస్తుంది. ప్లేటు అరిగేకొద్దీ ఫ్రీ ప్లే తగ్గుతూ వస్తుంది కాబట్టి, కొత్త సెట్టు వేసిన కొన్ని వారాలకు ఒకసారి బండి తెచ్చి చూపించుకోండి, పానాతో అయిపోయే పని.