9 డాలర్లు ఇస్తామన్నా నమ్మని మార్కెట్

కెనడా ఫోన్ల కంపెనీ బ్లాక్‌బెర్రీని షేరుకు 9 డాలర్ల చొప్పున కొంటామని 2013 సెప్టెంబర్ 23న అక్కడి పెట్టుబడుల సంస్థ ఫెయిర్‌ఫాక్స్ ముందుకొచ్చింది. మొత్తం 470 కోట్ల డాలర్లు. ఇలాంటి ఆఫర్ వస్తే షేరు సాధారణంగా ఆ ధర దగ్గరే ఆగుతుంది. ఇది మాత్రం రోజుల్లోనే 8 డాలర్ల దాకా దిగింది. 8కి కొని, డీల్ అయ్యాక 9కి ఇచ్చేస్తే రూపాయికి పన్నెండు పైసలు మిగులు. కంపెనీ లెక్కల పరిశీలనకు ఫెయిర్‌ఫాక్స్ పెట్టుకున్న గడువు ఆరు వారాలే. అయినా ఎగబడి కొన్నవాళ్లు లేరు. డీల్ మీద మదుపరుల నమ్మకం ఎంతో ఆ ఒక్క డాలర్ తేడాలోనే ఉంది.

అనుమానానికి కారణాలున్నాయి. అది ఆసక్తి తెలిపే లేఖే, కట్టుబడాల్సిన ఒప్పందం కాదు. డబ్బు ఎవరు సర్దుతారో తేలలేదు. పైగా మూడు రోజుల ముందే కంపెనీ 4,500 మందిని తీసేస్తున్నామని, ఆ త్రైమాసికంలో నష్టం దాదాపు 100 కోట్ల డాలర్లని చెప్పింది. ఫోన్లు పోయినా 260 కోట్ల డాలర్ల నగదు ఉంది, అప్పు లేదు, పేటెంట్లున్నాయి కదా అన్నది ఆశపడ్డవాళ్ల వాదన.

పాత అనుభవాలూ భయపెట్టాయి. 2010లో హెచ్‌పీ 120 కోట్ల డాలర్లు పోసి ఫోన్ల కంపెనీ పామ్‌ను కొని, ఏడాది దాటిన కొద్ది నెలలకే దాని కొత్త ఫోన్లు, ట్యాబ్లెట్లు ఆపేస్తున్నట్టు 2011 ఆగస్టులో చెప్పేసింది. 2013 సెప్టెంబర్ మొదట్లో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటిస్తే, నోకియా షేరు మూడో వంతు ఎగిరింది, మైక్రోసాఫ్ట్ షేరు పడింది. బేరంలో ఎవరు గట్టెక్కారో మార్కెట్ ఆ రోజే తేల్చేసింది.

ఇందులో మన హైదరాబాద్ ముచ్చట ఒకటుంది. ఫెయిర్‌ఫాక్స్ అధిపతి ప్రేమ్ వత్స, మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల ఇద్దరూ బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లోనే చదివారు. నోకియా కొనుగోలు వద్దని లోపల ఓటేసిన నాదెళ్లే, సీఈఓ అయ్యాక 2015లో దాని కింద 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసేశారు. వత్స మాత్రం అప్పటికే దాదాపు 10 శాతం వాటాతో బ్లాక్‌బెర్రీలో ఇరుక్కుని ఉన్నారు.

నవంబర్ 4న టేకోవర్ మాట పక్కకు పోయింది. బదులుగా షేర్లుగా మార్చుకోగల డిబెంచర్ల (అప్పు పత్రాల) ద్వారా 100 కోట్ల డాలర్లు వస్తాయన్నారు. అందులో ఫెయిర్‌ఫాక్స్‌వి 25 కోట్లు. సీఈఓ హైన్స్ స్థానంలోకి జాన్ చెన్ వచ్చారు. 9 వస్తుందని 8కి కొన్నవాళ్లు ఆ సాయంత్రం చూసుకుంటే షేరు ఆరున్నర దగ్గరుంది.