క్షమాపణ ముందు, పరిహారం తర్వాత: పాపసంకీర్తనం తగాదాకు మూలం ఎక్కడుంది

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2025 మే 2న గవర్నర్ బాబ్ ఫెర్గూసన్ ఒక చట్టం మీద సంతకం పెట్టారు. పిల్లల మీద అఘాయిత్యం జరుగుతోందని తెలిస్తే టీచర్లు, డాక్టర్ల లాగే మతగురువులు కూడా 48 గంటల్లో అధికారులకు చెప్పి తీరాలి. పాపసంకీర్తనంలో, అంటే కతోలికులు తమ పాపాలను గురువుకు రహస్యంగా చెప్పుకుని క్షమాపణ పొందేచోట, విన్నదైనా సరే. ఫెర్గూసన్ స్వయంగా కతోలికుడు. అయినా ఆ రాష్ట్ర బిషప్‌లు నెల తిరక్కుండా కోర్టుకెక్కారు. పాపసంకీర్తనంలో విన్నది బయటపెట్టిన గురువుకు సంఘ బహిష్కరణ తప్పదని సియాటిల్ ఆర్చ్‌బిషప్ పాల్ ఎటియెన్ గుర్తు చేశారు. లాయరుకు క్లయింటు చెప్పుకున్న మాటకు రక్షణ ఉంచి, గురువుకు చెప్పుకున్న మాటకు మాత్రం ఎందుకు తీసేశారన్నది వాళ్ల ప్రధాన ప్రశ్న. కేంద్ర న్యాయశాఖ బిషప్‌ల పక్షాన నిలిచింది. జులై 18న ఫెడరల్ జడ్జి డేవిడ్ ఎస్తుదియో ఆ నిబంధనను ఆపేశారు. అక్టోబరులో రాష్ట్రం రాజీకి వచ్చింది: గురువులు బయట విన్నది చెప్పాలి, పాపసంకీర్తనంలో విన్నది చెప్పనక్కర్లేదు.

వార్తలన్నీ దీన్ని మతస్వేచ్ఛకూ ప్రభుత్వానికీ మధ్య పేచీగానే చూపించాయి. ఆ పేచీ ఉంది, కాదనలేం. కానీ నేరం చేసినవాడు, విన్న గురువు, అడుగుతున్న ప్రభుత్వం... ఈ ముగ్గురి గురించే మాట్లాడుకుంటే నాలుగో మనిషి, అంటే దెబ్బ తిన్న పిల్ల, లెక్కలోకే రాదు. ఆ పిల్ల ఎప్పుడు, ఎలా లెక్క తప్పిందో చెప్పేదే అసలు చరిత్ర. తప్పిపోయిన కుమారుడి ఉపమానం, పాపాలు క్షమించమని యేసు శిష్యులకిచ్చిన అధికారం, పాపపరిహార పత్రాల మీద 1517లో లూథర్ చేసిన తిరుగుబాటు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

ముందు ఒక పత్రం గురించి చెప్పాలి. 2019 జూన్ 29 తేదీతో వాటికన్‌లోని అపోస్తలిక్ పెనిటెన్షరీ (పాపసంకీర్తనం వ్యవహారాలు చూసే కార్యాలయం) ఒక నోట్ ఇచ్చింది. పశ్చాత్తాపంతో వచ్చినవాడికి, "వెళ్లి పోలీసులకు లొంగిపో, అప్పుడే పాపవిమోచనం (దేవుడి పేరున క్షమాపణ) ఇస్తాను" అని గురువు షరతు పెట్టకూడదని అందులో ఉంది. తన మీద తానే నేరం మోపుకోమని ఎవరినీ బలవంతపెట్టరాదన్న న్యాయసూత్రాన్ని దానికి ఆధారంగా చూపింది. లొంగిపొమ్మని నచ్చజెప్పవచ్చు, షరతుగా మాత్రం పెట్టకూడదు. అదే నోట్ ఇంకో మాట కూడా చెప్పింది. బాధితులే వచ్చి పాపసంకీర్తనంలో తమ గోడు చెప్పుకుంటే, వాళ్ల హక్కులేమిటో, ఎక్కడ ఫిర్యాదు చేయాలో గురువు వివరించాలట. రెండో మాట బాగానే ఉంది. మొదటిది మాత్రం సంఘం మొదటి వెయ్యేళ్ల పద్ధతికి పూర్తిగా ఎదురు.

తొలి శతాబ్దాల్లో హత్య, వ్యభిచారం, విశ్వాసాన్ని వదిలేయడం లాంటి ఘోర పాపాలకు క్షమాపణ చివర్లో వచ్చేది. ముందు ప్రాయశ్చిత్తం. పాపి నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి ప్రాయశ్చిత్తం చేసేవాళ్ల వరసలో సంఘం కళ్లెదుట నిలబడాలి, సత్ప్రసాదానికి, అంటే పూజలో క్రీస్తు శరీరంగా పంచే రొట్టెకు, దూరంగా ఉండాలి. ఆ గడువు తీరాకే బిషప్ తల మీద చేతులుంచి సంఘంలోకి తీసుకునేవాడు. అదీ జీవితంలో ఒక్కసారే. క్రీ.శ. 390లో థెస్సలొనీకలో జనాన్ని ఊచకోత కోయించిన థియొడోసియస్ చక్రవర్తిని కూడా మిలాన్ బిషప్ అంబ్రోజ్ వదల్లేదు. రాజచిహ్నాలు తీసి పక్కన పెట్టి ప్రాయశ్చిత్తం చేశాకే ఆయన్ని సత్ప్రసాదానికి రానిచ్చాడు.

ఆ పద్ధతిని ఆదర్శమనడానికి లేదు. భయపడి చాలామంది ప్రాయశ్చిత్తాన్ని చావు మంచం దాకా వాయిదా వేసేవారు. పాపాల చిట్టా రాయించి జనం ముందు చదివించే ఆచారం ఇటలీలో కొన్నిచోట్ల ఉండేది. అది అక్కర్లేదని, గురువుకు రహస్యంగా చెబితే చాలని 459లో పోప్ లియో ఆపించాడు. ఆయన్ని తప్పుపట్టలేం. అంతకుముందే, 391 ప్రాంతంలో, కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక పెద్దింటి స్త్రీ పాపాలు చెప్పుకోవడానికి వచ్చిన సందర్భంలో ఒక డీకన్‌తో (గురువు కింది స్థాయి మతసేవకుడితో) ఆమె సంబంధం బయటపడి ఊరంతా గగ్గోలయింది. బిషప్ నెక్టారియస్ ఏం చేశాడంటే, పాపాలు వినే గురువు పదవినే రద్దు చేశాడు. పాపసంకీర్తనం నియమాలు ఎన్నటికీ మారనివని వాదించేవాళ్లు ఈ నెక్టారియస్ సంగతి పెద్దగా ఎత్తరు.

ఆరో శతాబ్దంలో ఐర్లాండ్ సన్యాసులు కొత్త దారి తొక్కారు. ఎన్నిసార్లయినా, గురువు ఒక్కడికే, రహస్యంగా చెప్పుకోవచ్చు. ఏ పాపానికి ఎంత ప్రాయశ్చిత్తమో రాసిన పుస్తకాలు వాళ్ల దగ్గరుండేవి. 589లో స్పెయిన్‌లోని తొలెదోలో కూడిన సభ, పాపం చేసిన ప్రతిసారీ వచ్చి క్షమాపణ అడిగే ఈ అలవాటును అసహ్యకరమైన దుస్సాహసమని తిట్టింది. అయినా సన్యాసి కొలంబానస్, ఆయన తోటివాళ్లు దాన్ని ఐరోపా అంతటా పాకించారు.

రహస్యం వచ్చింది కాబట్టి బాధితులను మర్చిపోయారనుకుంటే తప్పు. కొలంబానస్ పేరుతో ఉన్న ప్రాయశ్చిత్తాల పుస్తకం చూడండి. హత్య చేసిన గురువు పదేళ్లు దేశం విడిచి ఉండాలి. తిరిగొచ్చాక చచ్చిపోయినవాడి తల్లిదండ్రుల దగ్గరికెళ్లి, కొడుకు స్థానంలో నిలబడి, మీరేం చెబితే అది చేస్తానని చెప్పాలి. అప్పుడే అతని విషయం తేలుతుంది. పాపం చెప్పుకున్నది చెవిలోనే అయినా, తీర్చుకోవాల్సింది నష్టపోయిన ఇంటి గుమ్మంలో.

నా దృష్టిలో కథ తిరిగింది ఆ తర్వాత, పదకొండు, పన్నెండో శతాబ్దాలకు వచ్చేసరికి. పాపం చెప్పుకున్న వెంటనే, ప్రాయశ్చిత్తం ఇంకా మొదలుకాకముందే, విమోచనం ఇచ్చేయడం మామూలైపోయింది. దూరాభారాలు, ప్రాయశ్చిత్తం పూర్తి కాకుండానే చనిపోతారేమోనన్న భయం దీనికి కొంత కారణం. అసలైనది పశ్చాత్తాపమే, ప్రాయశ్చిత్తం దాని వెనక వచ్చేదే అన్న వేదాంత చర్చ మరికొంత. దేవుడి కరుణ మనిషి చేసే పనికి ముందే వస్తుందన్న మాటలో క్రైస్తవానికి పరాయిదేమీ లేదు. చిక్కంతా ఆచరణలో వచ్చింది. విమోచనం చేతికొచ్చాక మిగిలిన పరిహారం అప్పు తీరాక కట్టే వడ్డీలా అయిపోయింది, అడిగేవాడుండడు. ఏళ్ల ప్రాయశ్చిత్తం మెల్లగా నాలుగు ప్రార్థనలకు కుదించుకుపోయింది.

1215లో పోప్ మూడో ఇన్నోసెంట్ పిలిచిన నాలుగో లాతెరన్ మహాసభ దీనికి ముద్ర వేసింది. దాని 21వ నియమం ప్రకారం ఊహ తెలిసిన ప్రతి కతోలికుడూ ఏడాదికి ఒక్కసారైనా తన గురువుకు పాపాలు చెప్పుకోవాలి. మాటతో గానీ సైగతో గానీ గుట్టు విప్పిన గురువును పదవి నుంచి తీసేసి, కఠినమైన మఠంలో జీవితాంతం ప్రాయశ్చిత్తంలో ఉంచాలి. చెప్పుకోవడం తప్పనిసరి చేశారు కాబట్టి గుట్టు కాపాడటం కూడా తప్పనిసరి చేయాల్సి వచ్చింది. ఈ రెండూ ఒకే నియమంలో పక్కపక్కన ఉన్నాయన్నది ఇప్పటి వాదనల్లో ఎవరికీ గుర్తుండదు.

ఆ గుట్టు చాటున గురువులే స్త్రీలను లోబరుచుకోవడం పదహారో శతాబ్దానికల్లా ఎంత ముదిరిందంటే, స్పెయిన్‌లో ఆ కేసులను ఇంక్విజిషన్ అనే మత విచారణ న్యాయస్థానానికి అప్పగించారు. మిలాన్ ఆర్చ్‌బిషప్ చార్లెస్ బొరొమియో గురువుకూ పాపం చెప్పుకునేవాళ్లకూ మధ్యలో జాలీ పెట్టిన చెక్క గదిని తన మేత్రాసనంలో (బిషప్ అధికార పరిధిలో) ప్రవేశపెట్టింది ఆ కాలంలోనే. కేరళలో 2018లో మలంకర ఆర్థడాక్స్ గురువుల మీద ఇలాంటి ఆరోపణే వచ్చినప్పుడు, పాపసంకీర్తనాన్నే రద్దు చేయాలని జాతీయ మహిళా కమిషన్ చైర్‌పర్సన్ రేఖా శర్మ సిఫార్సు చేశారు. సంఘాలన్నీ భగ్గుమన్నాయి. కేరళ హైకోర్టు దాన్ని నిషేధించడానికి ఒప్పుకోలేదు. నాలుగో శతాబ్దపు బిషప్ నెక్టారియస్ తనంతట తాను చేసిన పనే రేఖా శర్మ అడిగారని ఆ గొడవలో ఎవరూ అన్నట్టు లేదు.

బిషప్‌ల వాదనలో బలం లేకపోలేదు. గుట్టు ఉండదని తెలిస్తే నేరస్థుడు అసలు రాడు, అప్పుడు లొంగిపొమ్మని చెప్పే ఒక్క గొంతు కూడా లేకుండా పోతుందంటారు. 1393లో ప్రాగ్‌లో నదిలో ముంచి చంపిన నెపొముక్ యోహానును ఈ గుట్టు కోసం ప్రాణమిచ్చిన హతసాక్షిగా చూపుతారు. (ఆయన్ని చంపింది ఒక మఠాధిపతి నియామకం గొడవలో అన్నది చరిత్రకారుల మాట.)

అయితే ఆ ఒక్క గొంతు ఏం చెప్పిందో ఆస్ట్రేలియాలో బయటపడింది. పిల్లల మీద లైంగిక నేరాల కేసులో క్వీన్స్‌లాండ్‌లో జైలుకెళ్లిన ఒక గురువు, తాను 25 ఏళ్లలో సుమారు 30 మంది గురువుల దగ్గర 1,500 సార్లు ఈ పాపం ఒప్పుకున్నానని అఫిడవిట్ ఇచ్చాడు. వాళ్లు చెప్పింది ఇంటికెళ్లి ప్రార్థన చేసుకోమని. పాపసంకీర్తనానికి మినహాయింపు ఉండకూడదని 2017 డిసెంబరులో అక్కడి రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) సిఫార్సు చేసింది. 2020లో క్వీన్స్‌లాండ్ ఆ మేరకు చట్టం చేసింది.

మన తెలుగు క్రైస్తవుల్లో లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలవాళ్లకు ఈ పాపసంకీర్తనం గది లేదు. వాళ్లు ఒప్పుకునేది నేరుగా ప్రార్థనలోనో, సంఘం ముందు సాక్ష్యంలోనో. ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో వరసలో నిలబడి పాపాలు చెప్పుకునేది ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక్) గుడికి వెళ్లేవాళ్లు. పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిసిన "ఏ వ్యక్తి అయినా" పోలీసులకు చెప్పాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. లాయరుకు క్లయింటు చెప్పిన మాటకు మన సాక్ష్యాధారాల చట్టం రక్షణ ఇచ్చింది, భార్యాభర్తల మధ్య మాటకూ ఇచ్చింది. గురువుకు చెప్పుకున్న మాటకు 1872లోనూ ఇవ్వలేదు, 2023లో తెచ్చిన కొత్త చట్టంలోనూ ఇవ్వలేదు. వాషింగ్టన్ బిషప్‌లు కోర్టుకెళ్లి తెచ్చుకున్న మినహాయింపు మన దగ్గర కాగితం మీద లేదు.